వేళ్ళ వాసన

ఉడికిన గుడ్డు పెంకు ఒలిచేటప్పుడు ఒక వాసన వస్తుంది చూడండి, వేడి ఆవిరితో కలిసి కాస్త నీచుగా ముక్కుకు తగిలే వాసన, అది మీకు ఏం గుర్తు చేస్తుందో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం అది తగిలిందంటే ఇంట్లో ఎవరో ఏదో దాస్తున్నారని అనుమానం మొదలవుతుంది. నందిగామలో మేముంటున్న రెండు గదుల అద్దె ఇంట్లో, సాయంత్రం బడి నుంచి వచ్చిన నా కూతురు పండు ఇంకా చెప్పులు విప్పకముందే దాని కుడిచెయ్యి లాక్కుని వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. బడిలో గుడ్డు పెట్టిన రోజైతే గుడ్డు వాసన రావాలి. రాకపోతే విచారణ మొదలు. మా ఆయన లారీల షెడ్డులో మెకానిక్కు, మైలవరం పక్క పల్లెలో పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాడు, పాలు తాగనని మారాం చేస్తే వాళ్ళమ్మ వెనకాల గ్లాసు పట్టుకుని తిరిగిన బాల్యం ఆయనది. "పోలీసు కుక్కని చేసుకున్నాన్రా దేవుడా" అని నవ్వుతాడు. నవ్వనీయండి. మా వరసలో అందరు తల్లులూ పోలీసు కుక్కలే. నేను ఆ జాతి దాన్ని.

వరస అంటే జగ్గయ్యపేటలో ఒక పత్తి మిల్లు వెనక గోడకి ఆనుకుని లేచిన గుడిసెలూ రేకుల ఇళ్ళూ. పేరు లేదు దానికి, ఆటోవాళ్ళకి "మిల్లు వెనకాల" అంటే చాలు. పత్తి సీజన్లో మిల్లు ఆడినంత కాలం దూది నుసి ఎగిరొచ్చి రేకుల మీద, ఆరేసిన బట్టల మీద, ఎసరు మరిగే గిన్నెలో కూడా పడేది, మేం దాన్ని వేలితో తీసి అవతల పారేసి అదే నీళ్ళలో బియ్యం పోసేవాళ్ళం. ఎండాకాలం వస్తే గాలి మిరపకాయల ఘాటుతో నిండిపోయేది, ఊరి చివర కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయలు ఎండుతుంటే బజారంతా తుమ్ములే. వానాకాలం వస్తే ఏ వాసనా ఉండేది కాదు. అదే మా భయం. పత్తీ లేక, మిర్చీ లేక, ఆడవాళ్ళకి కూలి లేక, తడిసిన పొయ్యిలోంచి పొగ తప్ప ఇంకేదీ రాని ఆ నెలల్లో, ఎవరింట్లో తాలింపు వేసినా ఆ వరస మొత్తానికీ తెలిసేది, తెలిసి ఊరుకునేది కాదు. "నిన్నటిదాకా కూలి లేదన్న మనిషికి ఇవాళ నూనె ఎక్కడిదంట?" అని మా పక్కింటి కోటమ్మ పిన్ని గోడ అవతల నుంచి పైకే అనేది. ఒకరింట్లో ఏం ఉడికిందో ఇంకొకరికి లెక్క. పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి వెళ్ళొచ్చినవాళ్ళు మొక్కు కోడిని వండుకునేటప్పుడు తలుపులు బిగించి, కిటికీకి గోనెపట్టా కట్టి, లోపల చెమటలు కక్కుతూ తినేవాళ్ళు. వాసనకి తలుపులుంటాయా? మర్నాడు బొమికలు తీసుకెళ్ళి హైవే అవతల పారబోసి వచ్చినా మా వీధి కుక్క ఒకటి వాటిని మోసుకొచ్చి ఆ ఇంటి గుమ్మం ముందే కూర్చుని కొరికేది. ఆ కుక్కని అందరూ తిట్టేవాళ్ళు గానీ అది చెప్పే సాక్ష్యం అందరికీ కావాలి.

మాకు మతం పట్టింపు ఉండేది కాదు, గిన్నె పట్టింపే. వినాయకుడి పందిట్లో పులిహోర పెడితే అందరం అక్కడే, క్రిస్మస్‌కి చర్చి దగ్గర బిర్యానీ పెడితే అందరం అక్కడే. పందిట్లో ఒకసారి ఆకు పట్టుకుని వెళ్ళి, ఇంటికి పరిగెత్తి చొక్కా మార్చుకుని, తలకి నీళ్ళు రాసి పాపిడి మార్చి మళ్ళీ లైన్లో నిలబడేవాళ్ళం. వడ్డించే ఆయన గరిటె ఎత్తి పట్టుకుని మా మొహాల్లోకి అనుమానంగా చూసేవాడు. "నువ్వు ఇందాక వచ్చినదానివి కాదూ?" "మా అక్కండి, నేను చెల్లెల్ని." నాకు అక్కా లేదు, చెల్లీ లేదు. ఉన్నది ఒక్క తమ్ముడు, చంటి.

చంటికి అప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది, చూస్తే రెండేళ్ళవాడిలా ఉండేవాడు. కాళ్ళు పుల్లలు, పొట్ట మాత్రం కుండ, జుట్టు ఎండుగడ్డి రంగు. నవ్వాడంటే మొహమంతా పళ్ళే. మా నాన్న లారీ మీద క్లీనరు, ఏ ఊళ్ళో ఉన్నాడో ఆయనకే తెలియదు, వచ్చినప్పుడు ఇంత ఇచ్చి మళ్ళీ ఎక్కేవాడు. ఇల్లు నడిపింది అమ్మ. మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని ఆమెది, సీజన్లో రోజూ, వానాకాలంలో పిలిచిన రోజు. తొడిమలు తీసే ఆడవాళ్ళ వేళ్ళు ఎప్పుడైనా చూశారా? గోళ్ళ చుట్టూ ఎర్రగా కాలినట్టుంటాయి, ఎన్ని నీళ్ళతో కడిగినా ఘాటు పోదు. ఒళ్ళు వెచ్చబడినప్పుడు అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేస్తే నాకు కళ్ళు మండేవి. చంటిగాడైతే ఆమె అన్నం కలిపి పెట్టబోతే ఏడుపు లంకించుకునేవాడు, అందుకని వాడికి తినిపించే పని నాయనమ్మది. నాయనమ్మ అంటే నాన్నకి అమ్మ, పళ్ళు లేవు, చూపు సరిగ్గా లేదు, నోరు మాత్రం పదిమందికి సరిపడా ఉంది.

ఇంట్లో వండింది నాలుగు పళ్ళేల్లోకి రావాలి. కోటా బియ్యం అయిపోయాక నూకలు, నూకలు అయిపోతే గంజి, నంచుకోవడానికి ఉప్పు మిరపకాయ. మిరపకాయలకి మాత్రం లోటు లేదు, పని దగ్గర రంగుపోయిన తాలుకాయలు కొంగున కట్టుకుని తెచ్చుకోనిచ్చేవాళ్ళు. తినడానికి కూర్చునేసరికి నాయనమ్మ, "నాకు ఆకలి లేదే, పొద్దున్న తిన్నది ఇంకా అరగలా" అనేది. అమ్మ, "మీరు తినండి, నేను ముందే తిన్నా" అనేది. ఆ రెండు మాటలూ మా ఇంట్లో దీపం పెట్టినంత మామూలుగా రోజూ వినపడేవి. నేను బడిలో మధ్యాహ్నం పెట్టేది గొంతుదాకా తినొచ్చేదాన్ని కాబట్టి నా సంగతి పర్వాలేదు. అందరూ వేసవి సెలవులంటే ఎగురుతారు, మా వరస పిల్లలం మాత్రం సెలవులిచ్చిన రోజు మొహాలు వేలాడేసుకుని ఇంటికొచ్చేవాళ్ళం.

చంటికి ఉన్న ఆధారమల్లా అంగన్‌వాడీ. వరసకి చివర, మిల్లు గేటు పక్కన ఒకటే గది, గోడల మీద మామిడిపండూ చిలకా బొమ్మలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక గుడ్డు. అక్కడి టీచరమ్మని మా వాళ్ళెవరూ నమ్మేవాళ్ళు కాదు. ఆమె కూడా మా వాళ్ళని నమ్మేది కాదు, అందులో ఇద్దరూ సమానం. గుడ్డు ఇంటికి పంపితే మగాళ్ళు సారాలోకి నంచుకుంటారని ఆమె అనుమానం, అందుకని "ఇక్కడే తినాలి" అని రూలు పెట్టి పిల్లల నోళ్ళు తెరిపించి చూసేది. అక్కడే ఉంచితే గుడ్లు ఆమె బంధువుల హోటలుకి పోతాయని మా వాళ్ళ అనుమానం, అందుకని సాయంత్రం పనుల నుంచి రాగానే ప్రతి తల్లీ తన బిడ్డ వేళ్ళు వాసన చూసేది. గుడ్డు నీచు పసిపిల్లల వేళ్ళకి పట్టుకుంటే సాయంత్రం దాకా వదలదు. వాసన వస్తే టీచరమ్మ ఆ రోజుకి బతికిపోయినట్టు. పొద్దుగూకే వేళ వరస పొడుగునా గుమ్మాల్లో తల్లులు పిల్లల చేతులు ముక్కుల దగ్గర పెట్టుకుని నిలబడటం కొత్తగా చూసినవాళ్ళకి ముద్దు చేస్తున్నట్టుండేది. ముద్దు కాదండీ, తనిఖీ.

నెలకొకసారి తూకం. కొక్కేనికి తగిలించిన కాటాకి లాగులాంటి సంచి వేలాడుతుండేది, పిల్లల్ని అందులో దింపితే కాళ్ళు ఆడిస్తూ గుడ్లప్పగించి చూసేవాళ్ళు. ఆ వానాకాలం చంటి ఎర్ర గీత కిందికి పడ్డాడు. "వచ్చే తూకానికి పెరగకపోతే విజయవాడ పెద్దాసుపత్రికి రాస్తానమ్మా, నువ్వు కూడా వెళ్ళి వాడితో ఉండాలి" అంది టీచరమ్మ. అమ్మ మొహం మాడిపోయింది. ఆమె విజయవాడలో కూర్చుంటే ఇక్కడ పొయ్యి వెలిగేదెట్లా? వెళ్ళకపోతే వాడు బతికేదెట్లా? ఆ రోజు నుంచి అమ్మకి ఒకటే ధ్యాస, వాడి కడుపులోకి ఏం పోతోంది అని. సాయంత్రం రాగానే వాడి వేళ్ళు వాసన చూసింది. గుడ్డు వాసన లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడు వాడి చెయ్యి తిప్పి తిప్పి చూసి, నన్ను పిలిచి, "నువ్వు చూడవే" అంది. నేనూ చూశాను. గుడ్డూ లేదు, పప్పూ లేదు, మట్టి కూడా లేదు. సబ్బు ముఖం ఎరగని మా ఇంట్లో, ట్యాంకరు వచ్చిన రోజే స్నానం చేసే పిల్లాడి చేతులు మరీ శుభ్రంగా ఉన్నాయి.

"దాని పని చెప్తా ఉండు" అంది అమ్మ, టీచరమ్మని ఉద్దేశించి.

మర్నాడు పని మానుకుని మరీ వెళ్ళింది. ఒక్కతే కాదు, కోటమ్మ పిన్నిని, వరసలో ఖాళీగా ఉన్న ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని వెళ్ళింది. ఆ రోజు ఆదివారమూ కాదు, సెలవూ కాదు, అయినా నేను బడి ఎగ్గొట్టి వాళ్ళ కొంగుల మధ్య దూరాను. తగువంటే మాకు సినిమాతో సమానం. టీచరమ్మ తలుపు దగ్గరే ఆపింది. "రోజూ పెడుతూనే ఉన్నానమ్మా, కావాలంటే చూసుకోండి" అని పెంకులున్న బక్కెట్టు తెచ్చి ముందు పెట్టింది. కోటమ్మ పిన్ని నడుం మీద చెయ్యి వేసుకుని, "పెంకులు చూపిస్తే గుడ్డు పెట్టినట్టా? లోపలిది నువ్వు మింగి బయటిది మాకు చూపిస్తన్నావేమో!" అంది. అందరికంటే పెద్దగా అరిచింది మా నాయనమ్మ. "పసిపిల్లల నోటికాడ కూడు లాక్కుంటే పుట్టగతులుండవే తల్లీ! నా మనవడు చూడు, ఎండి వడియం అయిపోయాడు!" అని రొమ్ము బాదుకుంది. టీచరమ్మ నాయనమ్మ వైపు ఒక్క చూపు చూసింది. ఏదో అనబోయి, పెదవులు బిగించుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే బక్కెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చూపు నాకు నచ్చలేదు. తప్పు చేసిన మనిషి నేల చూపులు చూడాలి గదా, ఈవిడ తిరిగి నాయనమ్మని ఎందుకు చూసింది? నాయనమ్మ ఎందుకంతగా అరిచింది? నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు, కానీ అనుమానానికి వయసుతో పనిలేదు, మా వరస గాలిలోనే ఉంది అది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉందే ఇది, అనుకున్నాను. ఆ సామెత నాకు నేర్పింది కూడా నాయనమ్మే.

మర్నాడు బడిలో అన్నం తినగానే కడుపునొప్పి అని చెప్పి వచ్చేసి, మిల్లు గోడ మలుపులో పాత పత్తి బేళ్ళ చాటున కూర్చున్నాను. చంటిని ఇంటికి తీసుకొచ్చేది నాయనమ్మే. ఆమె రాగానే అంగన్‌వాడీ తలుపు తెరుచుకుంది. టీచరమ్మ తల బయటపెట్టి అటూ ఇటూ చూసి, కొంగు చాటు నుంచి ఒక గుడ్డు తీసి నాయనమ్మ చేతిలో పెట్టి గబుక్కున తలుపేసుకుంది. ఇద్దరూ తోడుదొంగలన్నమాట! నిన్న తిట్టుకున్నదంతా నాటకమన్నమాట! తర్వాత తెలిసింది, చంటి ఒక్కో ముద్ద బుగ్గన పెట్టుకుని నమలకుండా కూర్చుంటాడని, వాడి గుడ్డు అయ్యేదాకా తలుపు తీసుంచలేక, తన రూలు తనే తప్పి, దారిలో తినిపించమని ఆమె నాయనమ్మ చేతికి ఇస్తోందని. ఆ రూలు తప్పిన సంగతి నలుగురిలో బయటపడితే ఉద్యోగం పోతుందని ఆ రోజు నోరు మూసుకుంది. నాయనమ్మకి ఆ సంగతి తెలుసు, అందుకే అంత ధైర్యంగా అరిచింది.

నాయనమ్మ చంటిని చెయ్యి పట్టుకుని మిల్లు పంపు దగ్గరికి తెచ్చింది. పంపు పక్కన బట్టలుతికే బండ ఒకటి ఉండేది, దాని మీద కూలబడింది. గుడ్డు వాడి చేతిలో పెట్టింది. లాక్కుని తింటుందనుకున్నాను, అరవడానికి నోరు కూడా తెరిచాను. చంటి దాన్ని రెండు ముక్కలు చేసి, ఒక రావి ఆకు మీద పెట్టి, పక్కన ఇంత ఇసుక పోసి దాన్ని అన్నం అన్నాడు. బువ్వాలాట. వాడు అమ్మ, నాయనమ్మ పాప. కాళ్ళు బారచాపుకుని, వేళ్ళతో తుంచి, "ఆఁ... ఆఁ అను" అంటున్నాడు. ఆ ముసలామె కళ్ళు మూసుకుని పళ్ళులేని నోరు తెరిచింది. వాడు పెట్టాడు. ఆమె మింగింది, గొంతు పైకీ కిందికీ ఆడింది. "నువ్వు తినయ్యా, నువ్వు తినాలి గదా" అంది, అంటూనే మళ్ళీ నోరు తెరిచింది. వాడు తల అడ్డంగా ఊపి, మా అమ్మ ఎట్లా అంటుందో అచ్చం అట్లాగే, చేత్తో గాలిని తోసేస్తూ అన్నాడు.

"నువ్వు తిను. నేను ముందే తిన్నా."

ఆఖరి ముక్క కూడా అయిపోయాక ఆమె వాడి చెయ్యి పంపు కింద పెట్టి, ఇసుకతో ఒక్కో వేలూ రుద్ది రుద్ది కడిగింది, కొంగుతో తుడిచింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తృప్తిగా తలాడించింది. అది చూసి నా ఒళ్ళు మండిపోయింది. ఆకలేసి తింటే తిన్నావు, కడగడం ఎందుకు? తెలిసే చేస్తున్నావన్నమాట. ఇంటి దొంగని ఈశ్వరుడు పట్టలేడంటారు, నేను పట్టాను.

అమ్మ రాగానే చెప్పేశాను. చెప్పడం తప్పేమోనని ఇప్పుడు బాధపడుతున్నానని మీరు అనుకుంటారేమో, నాకట్లాంటి బాధేమీ లేదు, ఇప్పుడైనా చెబుతాను. అమ్మ వింటూ వింటూ పొయ్యిలో పుల్ల చేతిలోకి తీసుకుంది. నాయనమ్మ మూలన కూర్చుని దండెం వైపు చూస్తోంది, అరవడం లేదు, కాదనడం లేదు, వేళ్ళతో కొంగు అంచు పోగులు లాగుతోంది. ఇంక ఈ ఇల్లు రెండు ముక్కలవుతుందనుకున్నాను. నేను జరిగినదంతా చెప్పుకుంటూ వచ్చి, చంటి అన్న మాట కూడా వాడి గొంతుతోనే చెప్పాను. "నువ్వు తిను. నేను ముందే తిన్నా."

అమ్మ చేతిలో పుల్ల ఆగిపోయింది. నాయనమ్మే ముందు నోరు తెరిచింది. "నీ ముందు ఎప్పుడన్నా కడుపునిండా తిన్నానా, చెప్పు? ఇంట్లో తింటే పిల్లలకి తగ్గుద్ది. బయట వాడే పెడతా ఉంటే నోరు ఆగలా. వద్దనుకునే పోతా రోజూ. ఆ బండ మీద కూర్చునేసరికి నోరు ఆగటల్లా." అని ఏడ్చింది. నేను పుట్టాక ఆమె ఏడవగా చూడటం అదే మొదలు. అప్పటిదాకా ఆమె ఇంట్లో ఏమీ తినకుండా ఎట్లా బతుకుతోందని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎవరింట్లో తాలింపు పడిందో పసిగట్టే ముక్కులం మేం, ఆమె పళ్ళెం సంగతి పట్టించుకోలేదు.

అమ్మ లేచింది. నూకల అన్నం నాలుగు పళ్ళేల్లో పెట్టలేదు. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టిన పెద్ద ఇత్తడి పళ్ళెం ఒకటి ఉండేది, చూరులోంచి తీసి దులిపి, అన్నం మొత్తం అందులో కుమ్మరించి మధ్యలో పెట్టింది. "రా అత్తా. కూర్చో. అందరం ఇందులోనే. ఎవరి చెయ్యి ఎటు పోతందో అందరికీ కనపడాల."

"నాకు ఆకలి లేదే..." అని అలవాటుగా అనబోయింది నాయనమ్మ.

"ఆ మాట ఇంకోసారి ఈ ఇంట్లో వినపడిందంటే పళ్ళెం తీసుకెళ్ళి కాలవలో ఇసిరేస్తా. నేను అన్నా సరే."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే పళ్ళెం. దాని చుట్టూ నాలుగు తలలు, నాలుగు చేతులు, ఒకరి ముద్ద మీద ఇంకొకరి కన్ను. నేను అమ్మ చేతినే చూసేదాన్ని. ముద్ద చిన్నదిగా చేస్తే "పెద్దది చెయ్" అని గద్దించేదాన్ని, ఆమె నన్ను కసురుకుంటూనే కాస్త పెద్దది చేసేది. దొంగని పట్టుకున్నంత మాత్రాన అన్నం పెరగలేదు లెండి. ఉన్నదే ఉంది, నలుగురికీ అర్ధాకలి. కానీ అబద్ధం చెప్పే వీలు ఎవరికీ లేకపోయింది. పని లేని రోజు మాత్రం అందరం కలిసి ఊళ్ళో సాయిబుగారి బియ్యం మిల్లుకి నూకల కోసం వెళ్ళేవాళ్ళం, ఒకరి దగ్గర ఒకరు ఏమీ దాచుకోకుండా.

అమ్మ టీచరమ్మ దగ్గరికి వెళ్ళి తప్పయిందని అనలేదు. మా వరసలో ఆ మాట ఎవరికీ నోట రాదు. తాలుమిరపకాయలు ఒక పొట్లం కట్టి నాతో పంపింది. టీచరమ్మ పొట్లం విప్పి, ఇందులో ఏం కలిపారో అన్నట్టు వాసన చూసి, తుమ్మి, లోపల పెట్టుకుంది. మర్నాటి నుంచి నాయనమ్మని కూడా లోపలికి రమ్మని చంటి పక్కన కూర్చోబెట్టింది, వాడు గుడ్డు తినేదాకా కదలకూడదని. అందరు పిల్లలకీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన పప్పన్నం ఆమె ముందుకి తోసి, "పైవాళ్ళు చూస్తే నా కొంప మునుగుద్ది, తొందరగా కానీ" అని గొణిగేదట. నాయనమ్మ అంతకంటే గొణిగేది, ఉప్పు సరిపోలేదని.

తూకం రోజు కాటా ముల్లు ఎర్ర గీత దాటి కొంచెం పైకి వచ్చింది. టీచరమ్మ నమ్మలేదు. చంటిని దింపి లాగు జేబులు తడిమింది, మొలతాడు పట్టుకుని చూసింది, రాళ్ళు ఏమైనా వేసి పంపామేమోనని బట్టలన్నీ విప్పించి మళ్ళీ తూచింది. ముల్లు అక్కడే ఆగింది. బట్టల్లేకుండా గాల్లో వేలాడుతూ చంటి పళ్ళికిలించాడు. అమ్మ ముందు నవ్వింది, ఆ తర్వాత గోడకి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు ఆ మిల్లు లేదు. మొన్న జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు చూశాను, గోడ కొట్టేసి ప్లాట్లు వేసి రంగు జెండాలు పాతారు. వరసలో వాళ్ళని ఊరి బయట కాలనీకి పంపారు. పంపు లేదు, బండ లేదు. నాయనమ్మ పోయి చాలా కాలమైంది, పోయే ముందు నాలుగు రోజులూ ఏదీ వద్దంటే అమ్మ నమ్మక, నోరు తెరిపించి చూస్తూనే ఉంది. చంటి సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ దగ్గర సూపర్‌వైజరు, కూర్చుంటే కుర్చీ కిర్రుమంటుంది. సాయంత్రం గుమ్మాల్లో నిలబడి పిల్లల వేళ్ళు వాసన చూసే తల్లులు కాలనీలో ఒక్కరూ కనపడలేదు. అనుమానం తీరిపోయిందో, వాసన చూడటానికి కూడా ఇంటికి తొందరగా రాలేని పనుల్లో ఉన్నారో, నాకు తెలియదు. మొదటిదే అయితే బాగుండు, కానీ నమ్మబుద్ధి కాదు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. తొడిమల పని మానేసి ఏళ్ళయింది, వేళ్ళకి మిర్చి ఘాటు పోయింది. నేను బస్టాండు దగ్గర కర్రీ పాయింట్‌లో వంట చేస్తాను. ఈ నెల షెడ్డులో పని తక్కువగా ఉండి మా ఆయన ఎక్కువగా ఇంట్లోనే ఉంటున్నాడు, నేను గుడ్లు లెక్కగా తెస్తున్నాను. నిన్న సాయంత్రం పండుకి, ఆయనకి పెట్టి, అమ్మని పిలిస్తే, "నేను ముందే తిన్నానే" అంది. చెయ్యి పట్టుకుని వాసన చూశాను. ఏ వాసనా లేదు. మరీ శుభ్రంగా ఉంది. "అబద్ధాలాడకు, నా ముందు తిను" అని మిగిలిన గుడ్డూ అన్నం పళ్ళెంలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అమ్మ ముద్ద కలిపి, నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది.

"మరి నువ్వు?"

"నేను ముందే తిన్నా" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు, అనేశాక నా చెవికే తగిలింది.

అమ్మ ముద్ద పళ్ళెంలో వదిలి, అన్నం అంటిన చేత్తోనే నా చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. పొద్దుటి నుంచి కర్రీ పాయింట్‌లో నూరిన అల్లం వెల్లుల్లి, మసాలా, వేయించిన కారం, అన్నీ ఉన్నాయి ఆ వేళ్ళలో. "ఏం తెలుద్దే ఈ ఘాటులో" అంది. నా చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో పళ్ళెం మా ఇద్దరి మధ్యకి జరిపింది.